ఔషధ ప్యాకింగ్ లైన్లలో వేగం, నాణ్యత: చిన్న పరిశ్రమల ముందున్న కర్తవ్యం

ఔషధ నాణ్యత అనగానే ముడి పదార్థాల శుద్ధత, ప్రయోగశాల పరీక్షలు స్ఫురణకు రావడం సహజం. అయితే పరీక్షలన్నింటిలోనూ నెగ్గిన మాత్ర సైతం వేరొక మందు పేరు ముద్రించిన అట్టపెట్టెలో చేరితే అది రోగి ప్రాణానికే ముప్పు కాగలదు. రక్తపోటు మాత్ర స్థానంలో మధుమేహం మాత్ర వేసుకున్న వృద్ధునికి ఆ రెండు మందులూ ప్రమాణాల మేరకే తయారయ్యాయన్న హామీ ఏ విధంగానూ ఉపకరించదు. మాత్ర తయారైన పిదప స్ట్రిప్పుగా, పెట్టెగా, రవాణా పెట్టెగా రూపుదిద్దుకునే ప్యాకింగ్ దశ ఈ కారణంగానే ఔషధ పరిశ్రమలో అత్యంత కీలకమైనదిగా పరిగణన పొందుతున్నది.

దేశంలో ఉత్తమ తయారీ విధానాలను నిర్దేశించే షెడ్యూల్ ఎం 1988లో ఔషధ నియమావళిలో చేరింది. 2005లో జరిగిన సవరణ అనంతరం సుదీర్ఘకాలం యథాతథంగా కొనసాగిన ఈ షెడ్యూలును కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరు 28 నాటి నోటిఫికేషన్ ద్వారా సమూలంగా సవరించింది. రూ.250 కోట్లకు మించిన వార్షిక టర్నోవరు గల సంస్థలకు 6 నెలలు, సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలకు 12 నెలలు గడువుగా నిర్ణయించింది. దరఖాస్తు చేసుకున్న చిన్న సంస్థలకు 2025 డిసెంబరు 31 వరకు వెసులుబాటు కల్పించింది. దేశంలోని సుమారు 10,500 ఔషధ తయారీ యూనిట్లలో 8,500 వరకు చిన్న, మధ్య తరహా సంస్థలేనని 2023లో మంత్రిత్వ శాఖ వెల్లడించిన సంగతి విదితమే. బాలానగర్, జీడిమెట్ల మొదలుకొని విశాఖపట్నం సమీపంలోని పరవాడ వరకు విస్తరించిన తెలుగు రాష్ట్రాల ఔషధ పరిశ్రమలోనూ చిన్న యూనిట్ల పాత్ర గణనీయమైనది. కొత్త ప్రమాణాలు పాటిస్తూనే ఉత్పత్తి వ్యయాన్ని అదుపులో ఉంచుకోవడం ఎట్లా అన్నది ఈ యూనిట్ల ముందున్న ప్రధాన ప్రశ్న. ప్యాకింగ్ లైనును నిశితంగా పరిశీలిస్తే ఈ ప్రశ్నకు చాలవరకు సమాధానం లభిస్తుంది.

ఆఖరి దశలోనే అధిక ప్రమాదం

ఒక ప్యాకింగ్ లైనుపై ఒకే రోజున రెండు మూడు ఉత్పత్తులు నడవడం చిన్న యూనిట్లలో పరిపాటి. పరిమాణంలోను, రంగులోను ఒకే తీరుగా కనిపించే మాత్రలు, కేవలం మిల్లీగ్రాముల అంకెలో మాత్రమే తేడా గల పెట్టెలు ఒకదాని వెంట మరొకటి లైనుపైకి వస్తుంటాయి. ప్రభుత్వ ఆసుపత్రులకు సరఫరా అయ్యే మందులపై అమ్మకానికి కాదని ప్రత్యేకంగా ముద్రించవలసి ఉండటంతో, అదే మాత్రను బహిరంగ విపణికి ఒక పెట్టెలోను, ఆసుపత్రులకు మరొక పెట్టెలోను నింపవలసి వస్తుంది. ఉత్పత్తి మారిన ప్రతిసారీ యంత్రపు మూలల్లో చిక్కుకున్న ఒక్క మాత్ర, కన్వేయర్ కింద పడిపోయిన ఒక్క పెట్టె తరువాతి బ్యాచ్‌లో కలిసే అవకాశం పొంచి ఉంటుంది.

ఈ ప్రమాదాన్ని నివారించేందుకు ఏర్పడినదే లైన్ క్లియరెన్స్ విధానం. మునుపటి ఉత్పత్తికి చెందిన మాత్రలు, రేకులు, లేబుళ్లు, పెట్టెలు, కాగితాలు యావత్తూ తొలగించినట్లు ఉత్పత్తి విభాగం ధ్రువీకరించిన పిదప, నాణ్యతా విభాగం స్వతంత్రంగా తనిఖీ చేసి సంతకం చేస్తేనే కొత్త బ్యాచ్ ఆరంభం కావలెను. ఇందుకు భారీ పెట్టుబడి అవసరం లేదు. యంత్రంలో మాత్రలు చిక్కుకునే స్థానాలను ఛాయాచిత్రాలతో సహా పట్టికగా రూపొందించి, ఆ క్రమంలోనే తనిఖీ చేయడం ద్వారా ఫలితం సాధించవచ్చు. పనిఒత్తిడి సాకుతో తనిఖీకి ముందే సంతకాలు పూర్తిచేయడం ఈ విధానాన్ని నిరర్థకం చేసే ప్రధాన లోపం.

ప్యాకింగ్ భద్రతకు గట్టి పునాది పడటానికి ఒక విషాద ఘటన కారణమైంది. 1982లో అమెరికాలోని చికాగో ప్రాంతంలో టైలెనాల్ గుళికల్లో గుర్తు తెలియని దుండగులు సయనైడ్ కలపడంతో ఏడుగురు మరణించారు. సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను విపణి నుంచి వెనక్కి రప్పించవలసి వచ్చింది. తయారీలో లోపం లేకున్నా ప్యాకింగ్‌ను తెరచి తిరిగి మూసినట్లు కొనుగోలుదారు గుర్తించలేకపోవడమే ఇంతటి అనర్థానికి దారితీసింది. తెరచినట్లు స్పష్టంగా తెలిసే ముద్రలు తప్పనిసరి చేస్తూ అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిబంధనలు జారీ చేసింది. లేబుళ్ల తారుమారును అరికట్టేందుకు 1993లో లేబుళ్ల నియంత్రణ నిబంధనలను మరింత కట్టుదిట్టం చేసింది.

లెక్కల్లో కనిపించని నష్టం

నాణ్యతపై శ్రద్ధ పెడితే ఉత్పత్తి తగ్గుతుందన్న అభిప్రాయం కొన్ని యాజమాన్యాల్లో పాతుకుపోయి ఉంది. వాస్తవంలో ఉత్పత్తి ఎక్కడ తగ్గుతున్నదో లెక్కించే పద్ధతి లేకపోవడమే ఈ అపోహకు మూలం. జపాన్‌కు చెందిన సెయిచి నకజిమా ప్రాచుర్యంలోకి తెచ్చిన సమగ్ర యంత్ర సామర్థ్య సూచిక ఈ విషయంలో ఎంతగానో ఉపకరిస్తుంది. యంత్రం నడిచిన సమయం, నడిచిన వేగం, లభించిన మంచి ఉత్పత్తి అనే మూడు నిష్పత్తులను గుణించగా వచ్చేదే ఈ సూచిక. మూడింటిలో వరుసగా 90, 95, 99.9 శాతం సాధిస్తే వచ్చే సుమారు 85 శాతం ఉన్నత స్థాయిగా పరిగణన పొందుతున్నది.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. నిమిషానికి 200 స్ట్రిప్పుల సామర్థ్యం గల యంత్రాన్ని ఒక షిఫ్టులో 450 నిమిషాలు నడపాలని నిర్ణయించారనుకుందాం. ఉత్పత్తి మార్పిడికి 60 నిమిషాలు, మరమ్మతులకు 30 నిమిషాలు పోగా 360 నిమిషాలు మిగులుతాయి. ఇది 80 శాతం. ఆ సమయంలో 72,000 స్ట్రిప్పులు రావలసి ఉండగా 57,600 మాత్రమే వస్తే వేగం కూడా 80 శాతమే. వాటిలో 56,448 స్ట్రిప్పులు మంచివని తేలితే నాణ్యత 98 శాతం. మూడింటినీ గుణిస్తే సమగ్ర సామర్థ్యం 62.7 శాతంగా తేలుతుంది. షిఫ్టు మొత్తానికి 90,000 స్ట్రిప్పులు రావలసిన చోట 33,552 స్ట్రిప్పుల ఉత్పత్తి కోల్పోయినట్లే.

ఈ నష్టాన్ని విడదీసి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. యంత్రం ఆగినందువల్ల పోయినవి 18,000. వేగం తగ్గినందువల్ల పోయినవి 14,400. లోపభూయిష్టంగా ఉండి తిరస్కరించినవి కేవలం 1,152. నాణ్యతా తనిఖీ వల్ల ఉత్పత్తి కుంటుపడుతున్నదన్న వాదనకు ఈ లెక్కల్లో ఆధారం కనిపించదు. వేగం తగ్గినందువల్ల కలిగే నష్టం రిజిస్టర్లలో అసలు నమోదు కాకపోవడం మరింత గమనార్హం. పెట్టె అడ్డం పడి 20 సెకన్లు, రేకు జారి 40 సెకన్లు యంత్రం ఆగడాన్ని ఆపరేటరు చేతితో సరిచేసి ముందుకు సాగిపోతాడు. షిఫ్టు ముగిసేసరికి ఇటువంటి చిన్న చిన్న ఆటంకాలే గంటకు పైగా సమయాన్ని హరిస్తాయి. పైగా ఆగిన ప్రతిసారీ మనిషి చేయి లైనులోకి ప్రవేశించడం, పక్కకు తీసిన పెట్టెలను తిరిగి లైనుపై పెట్టడం జరుగుతుంది. తారుమారుకు తావిచ్చే సందర్భం సరిగ్గా ఇదే. కనుక చిన్న ఆటంకాలను తగ్గించే ప్రతి చర్యా ఉత్పత్తితోపాటు భద్రతనూ పెంచుతుంది.

ఒక లైనులో బ్లిస్టర్ యంత్రం, పెట్టెల్లో నింపే యంత్రం, తూకపు యంత్రం, రవాణా పెట్టెల విభాగం వరుసగా ఉంటాయి. వీటిలో అతి నెమ్మదిగా నడిచే యంత్రమే మొత్తం లైను వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆ యంత్రాన్ని గుర్తించకుండా మిగతా వాటి వేగం పెంచడం వల్ల మధ్యలో సరకు పేరుకుపోవడం మినహా ప్రయోజనం ఒనగూడదు.

మార్పిడి సమయాన్ని తగ్గించడం

చిన్న యూనిట్లలో ఒక్కో ఉత్పత్తి పరిమాణం తక్కువ, రకాలు ఎక్కువ. కాబట్టి ఉత్పత్తి మార్పిడికి పట్టే సమయమే వాటికి పెద్ద భారం. జపాన్ ఇంజనీరు షిగియో షింగో ఈ సమస్యకు చూపిన పరిష్కారం నేటికీ అనుసరణీయం. 1969లో టయోటా కర్మాగారంలో 1,000 టన్నుల ప్రెస్ అచ్చును మార్చడానికి పట్టే 4 గంటల సమయాన్ని ఆయన తొలుత గంటన్నరకు, అనంతరం 3 నిమిషాలకు తగ్గించగలిగారు. యంత్రం ఆగినప్పుడు మాత్రమే చేయగల పనులను, యంత్రం నడుస్తుండగానే చేయగల పనులను వేరుచేయడమే ఇందులోని సూత్రం.

ఔషధ ప్యాకింగ్‌కు ఈ సూత్రాన్ని అన్వయిస్తే, తదుపరి ఉత్పత్తికి కావలసిన అచ్చులను, అక్షరాల దిమ్మెలను, శుభ్రపరచిన విడిభాగాలను ముందుగానే చక్రాల బల్లపై అమర్చి సిద్ధంగా ఉంచవచ్చు. స్పానరుతో బిగించే మరలకు బదులు చేతితో తిప్పే బిగింపులు, ఊహతో సరిచేసే స్థానాలకు బదులు కొలబద్ద గుర్తులు అమర్చవచ్చు. పై ఉదాహరణలో మార్పిడి సమయం 60 నుంచి 30 నిమిషాలకు తగ్గితే, వేగం, నాణ్యత అదే స్థాయిలో ఉన్నప్పటికీ షిఫ్టుకు 4,704 మంచి స్ట్రిప్పులు అదనంగా లభిస్తాయి. అయితే ముద్రిత సామగ్రిని మాత్రం ఈ ముందస్తు ఏర్పాట్లలో చేర్చరాదు. పాత బ్యాచ్ నడుస్తుండగా కొత్త బ్యాచ్ పెట్టెలు, లేబుళ్లు లైను వద్దకు చేరడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. తగ్గించవలసినది యంత్రాన్ని సిద్ధం చేసే సమయమే తప్ప లైన్ క్లియరెన్స్ తనిఖీ సమయం కానే కాదు.

వేగానికి గల హద్దు

యంత్రాన్ని దాని సామర్థ్యం మేరకు నడపడం వేరు, నిర్ధారిత పరిమితులు దాటి నడపడం వేరు. స్ట్రిప్పు అతుకు బలం వేడి, ఒత్తిడి, ఆ రెండూ పనిచేసే వ్యవధి అనే మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది. వేగం పెంచితే వ్యవధి తగ్గుతుంది. దానికి తగినట్లు వేడిని సవరించకుంటే అతుకు బలహీనపడి గాలి చొరబడుతుంది. వేడి మితిమీరితే రేకు ముడతలు పడుతుంది. తేమతో కూడిన కోస్తా వాతావరణంలో గిడ్డంగులకు చేరే మందుల విషయంలో ఈ లోపం మరింత హానికరం. తేమ తగిలిన మాత్ర గడువు తేదీకి ముందే శక్తిని కోల్పోవచ్చు. చూపునకు మాత్రం స్ట్రిప్పు చెక్కుచెదరకుండానే కనిపిస్తుంది.

స్ట్రిప్పులను రంగు నీటిలో ముంచి, గాలి తొలగించి, తిరిగి విడిచినప్పుడు లోపలికి రంగు చేరిందేమో చూసే పరీక్ష ప్రతి యూనిట్‌లోనూ అందుబాటులో ఉన్నదే. బ్యాచ్ ఆరంభంలోను, నిర్ణీత వ్యవధుల్లోను, యంత్రం ఎక్కువసేపు ఆగి తిరిగి నడిచినప్పుడల్లా ఈ పరీక్ష జరపడం అవసరం. ఒక పరీక్షలో లోపం బయటపడితే, అంతకుముందు నెగ్గిన పరీక్ష మొదలుకొని తయారైన యావత్తు సరకునూ వేరుచేసి తిరిగి పరిశీలించవలసి ఉంటుంది. పరీక్షల నడుమ వ్యవధి తక్కువగా ఉంటే వేరుచేయవలసిన సరకూ తక్కువే. తరచు పరీక్షించడం నష్టాన్ని పరిమితం చేసే ఆర్థిక సూత్రం కూడా అని యాజమాన్యాలు గుర్తించవలసి ఉంది.

కెమెరా నిఘా, దాని పరిమితులు

కొన్ని నమూనాలను ఏరి పరీక్షించే పద్ధతి అతుకు బలం, ముద్రణ స్పష్టత వంటి అంశాలకు సరిపోతుంది. అరుదుగా సంభవించే తారుమారును పట్టుకోవడానికి అది చాలదు. వెయ్యి స్ట్రిప్పులకు ఒకటి చొప్పున లోపం గల బ్యాచ్ నుంచి 125 స్ట్రిప్పులను ఏరి పరీక్షించినా, ఒక్క లోపమూ కంటపడకపోయే అవకాశం దాదాపు 88 శాతం ఉంటుంది. అందువల్లనే ప్రతి పెట్టెపై సంకేతాన్ని చదివే పరికరాలు, ప్రతి స్ట్రిప్పును చిత్రించి ఖాళీ గుంతలను, విరిగిన మాత్రలను, పరాయి రంగు మాత్రలను గుర్తించే కెమెరాలు, స్ట్రిప్పు గాని సమాచార పత్రం గాని లోపించిన పెట్టెను బరువు ఆధారంగా వేరుచేసే తూకపు యంత్రాలు వినియోగంలోకి వచ్చాయి.

పరికరం అమర్చినంత మాత్రాన బాధ్యత తీరదు. ఉద్దేశపూర్వకంగా లోపాలు కల్పించిన నమూనాలను లైనుపై పంపి, పరికరం వాటిని తిరస్కరిస్తున్నదీ లేనిదీ షిఫ్టు ఆరంభంలోను, ముగింపులోను నిర్ధారించుకోవలెను. కెమెరా గుర్తించినా తిరస్కరించే గాలి గొట్టం సకాలంలో పనిచేయకపోతే లోపభూయిష్టమైన స్ట్రిప్పు మంచివాటితో కలిసి సాగిపోతుంది. తిరస్కృత సరకు పడే పెట్టెకు తాళం ఉండాలి. పరికరం లెక్క, పెట్టెలోని లెక్క సరిపోలాలి. ప్రమాణాలను మరీ కఠినంగా అమర్చితే మంచి సరకు సైతం తిరస్కరణకు గురై, విసుగు చెందిన సిబ్బంది ప్రమాణాలను సడలించే ప్రమాదమూ లేకపోలేదు. కాబట్టి ఆ అమరికలను మార్చే అధికారాన్ని రహస్య సంకేతం ద్వారా పరిమితం చేసి, మార్చిన ప్రతిసారీ కారణాన్ని నమోదు చేయడం ఆవశ్యకం.

ప్రతి పెట్టెకూ లెక్క

కెమెరాల కొనుగోలు భారమైన యూనిట్లకు సైతం అందుబాటులో ఉన్న బలమైన సాధనం ముద్రిత సామగ్రి లెక్క. ఒక బ్యాచ్‌కు 10,000 పెట్టెలు జారీ చేశారనుకుంటే, 9,850 సరకుతో నిండి, 120 పాడై ధ్వంసమై, బ్యాచ్ నంబరు ముద్రించని 30 గిడ్డంగికి తిరిగి చేరితే లెక్క సరిపోతుంది. తిరిగి చేరినవి 25 మాత్రమే అయితే, ఆ అయిదు పెట్టెలు ఎక్కడున్నాయన్నది తేలవలసిన విషయం. అవి చెత్తలో చేరి ఉండవచ్చు, మరొక బ్యాచ్‌లో కలిసి ఉండవచ్చు, నకిలీ మందుల ముఠాల చేతికి చిక్కి ఉండవచ్చు. వ్యత్యాసం నిర్ణీత పరిమితిని మించినప్పుడు విచారణ పూర్తయ్యే వరకు ఆ బ్యాచ్‌ను విడుదల చేయరాదు. బ్యాచ్ నంబరు ముద్రించాక మిగిలిన పెట్టెలను గిడ్డంగికి చేర్చక, లెక్క చూసి ధ్వంసం చేయడం తప్పనిసరి.

క్యూఆర్ కోడ్ ఏ మేరకు రక్షణ

అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో ప్రతి 10 వైద్య ఉత్పత్తుల్లో ఒకటి నాసిరకం లేదా నకిలీ అయి ఉండవచ్చునని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఈ నేపథ్యంలో విపణిలో అధికంగా అమ్ముడయ్యే 300 ఔషధ బ్రాండ్లపై బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేస్తూ 2022 నవంబరులో జారీ అయిన ఉత్తర్వు 2023 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. మందు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ, గడువు తేదీలు, లైసెన్సు నంబరు తదితర వివరాలు అందులో నిక్షిప్తమై ఉంటాయి.

వినియోగదారుడు సెల్‌ఫోన్ సాయంతో వివరాలు సరిచూసుకునే వీలు కలగడం హర్షణీయ పరిణామం. అయితే నిర్దేశిత వివరాల్లో ఒక్కో ప్యాకెట్‌కు ప్రత్యేక వరుస సంఖ్య లేనందున, అసలు కోడ్‌ను యథాతథంగా అనుకరిస్తే కేవలం స్కాన్ చేసి నకిలీని గుర్తించడం కష్టసాధ్యం. యూరోపియన్ యూనియన్‌లో 2019 ఫిబ్రవరి 9 నుంచి ప్రిస్క్రిప్షన్ మందుల ప్రతి ప్యాకెట్‌కూ విడివిడి సంఖ్య కేటాయించి, విక్రయ సమయంలో సరిచూసే విధానం అమలవుతున్నది. ఎగుమతులు చేసే తెలుగు రాష్ట్రాల సంస్థలు ఈ విధానానికి అనుగుణంగా లైన్లను ఇప్పటికే తీర్చిదిద్దుకున్నాయి. దేశీయ విపణికే పరిమితమైన యూనిట్లు సైతం కొత్త యంత్రాలు కొనుగోలు చేసే సమయంలో భవిష్యత్ అవసరాలను దృష్టిలో ఉంచుకోవడం శ్రేయస్కరం.

కార్మికుల నైపుణ్యమే పెట్టుబడి

ప్యాకింగ్ విభాగాల్లో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసేవారు, ప్రత్యేకించి మహిళలు, గణనీయ సంఖ్యలో ఉన్నారు. లోపం మొదట కంటపడేది వారికే. గంటకు ఇన్ని పెట్టెలన్న లక్ష్యాన్ని మాత్రమే వారి ముందుంచి, లోపం చూసినప్పుడు లైనును ఆపే అధికారం ఇవ్వకుంటే ఎన్ని పరికరాలున్నా ప్రయోజనం స్వల్పమే. రాత్రి షిఫ్టులో ఎదురుగా సాగిపోయే పెట్టెలను రెప్పవాల్చక చూస్తూ ఉండటం ఎవరికైనా కష్టసాధ్యం. కంటితో తనిఖీ చేసే సిబ్బందికి దృష్టి పరీక్షలు, నిర్ణీత వ్యవధిలో విరామం, స్థానాల మార్పిడి కల్పించడం ఉత్తమ తయారీ విధానాల్లో అంతర్భాగం. విధాన పత్రాలను సిబ్బందికి తెలిసిన తెలుగులో, బొమ్మలతో సహా లైను వద్ద ప్రదర్శించడం ఖర్చు లేని సంస్కరణ. లైను ఆపినందుకు మందలింపు ఎదురయ్యే కర్మాగారంలో లోపాలు నివేదికల్లో తగ్గి, విపణిలో పెరుగుతాయన్నది గుర్తుంచుకోవలసిన అంశం.

అందుబాటులో తోడ్పాటు

చిన్న సంస్థలకు తోడ్పాటు అందించేందుకు కేంద్ర ప్రభుత్వం పలు పథకాలు చేపట్టింది. ఔషధ సాంకేతిక ఉన్నతీకరణ సహాయ పథకాన్ని 2024 మార్చిలో నవీకరించి, రూ.500 కోట్ల లోపు టర్నోవరు గల సంస్థలకు వర్తింపజేసింది. రూ.50 కోట్ల లోపు టర్నోవరు ఉంటే పెట్టుబడిలో 20 శాతం, రూ.250 కోట్ల లోపు అయితే 15 శాతం, ఆపై 10 శాతం చొప్పున, యూనిట్‌కు గరిష్ఠంగా రూ.1 కోటి వరకు తిరిగి చెల్లించే ఏర్పాటు ఇందులో ఉంది. 2023 మార్చిలో పునఃప్రారంభమైన లీన్ పథకం కింద నిపుణుల మార్గదర్శనానికి అయ్యే వ్యయంలో 90 శాతాన్ని కేంద్రం భరించేలా రూపకల్పన జరిగింది. 2022 ఏప్రిల్‌లో నవీకరించిన జెడ్ ధ్రువీకరణ పథకంలో ధ్రువీకరణ రుసుముపై సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్న సంస్థలకు 60 శాతం, మధ్య తరహా సంస్థలకు 50 శాతం రాయితీ నిర్దేశించారు. హైదరాబాద్‌లోని భారత ప్యాకేజింగ్ సంస్థ కేంద్రం, బాలానగర్‌లో 2007లో ఏర్పాటైన జాతీయ ఔషధ విద్యా పరిశోధనా సంస్థ ఈ రంగానికి అవసరమైన నిపుణులను తీర్చిదిద్దుతున్నాయి.

పెట్టుబడికి ముందు కొలత అవసరం. ఏ లైనుపై ఎంత సమయం, ఏ కారణాన వృథా అవుతున్నదో ఒక నెలపాటు నిజాయితీగా నమోదు చేసిన యూనిట్ తనకు కెమెరా ముందు కావాలో, కొత్త అచ్చులు ముందు కావాలో, ఆపరేటరుకు శిక్షణ ముందు కావాలో తానే నిర్ణయించుకోగలదు. లైన్ క్లియరెన్స్ పట్టిక, ముద్రిత సామగ్రి లెక్క, చిన్న ఆటంకాల నమోదు అనే మూడింటికీ కావలసినది క్రమశిక్షణ మాత్రమే. ఇవి సక్రమంగా అమలైన చోట యంత్రాలపై వెచ్చించే ప్రతి రూపాయికీ తగిన ఫలితం దక్కుతుంది.

ఆసుపత్రి కిటికీ వద్ద మందు అందుకునే రోగికి దానిని పరీక్షించే వీలు గాని, పరిజ్ఞానం గాని ఉండదు. పెట్టెపై ముద్రించిన పేరును నమ్మడం మినహా అతనికి మరో మార్గం లేదు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బాధ్యత యాజమాన్యం, నాణ్యతా విభాగం, ఔషధ నియంత్రణ యంత్రాంగంతోపాటు లైను వద్ద నిలబడి పనిచేసే ప్రతి కార్మికునిపైనా ఉన్నది. లెక్కకు వచ్చేది మంచి ప్యాకెట్ మాత్రమేనన్న సూత్రాన్ని వీరందరూ సమానంగా పాటించిననాడే వేగం, నాణ్యత ఒకే దిశలో సాగగలవు.